ఓడిన అభ్యర్థులకు విజ్ఞాన సర్వస్వమున చోటు కలదా?

2019 ఏప్రిల్ 11వ తేదీన నిజామాబాదు లోకసభ నియోజకవర్గములో ఓటు వేయబోయిన వారికి మున్నెన్నడును చూడని దృశ్యమొకటి కన్పట్టినది. ఓటు మీటల పెట్టె పోలింగు కేంద్రములలో సాధారణముగా ఒకటో రెండో ఉండును. ఆనాడు మాత్రము ఒక్కొక్క కేంద్రమున పండ్రెండేసి పెట్టెలు బారులు తీర్చి యుంచిరి. పెట్టెకు పదునారు మీటలు. అభ్యర్థులు 185 మంది. వారిలో 178 మంది రైతులు. పసుపునకు ప్రత్యేకమైన బోర్డు నెలకొల్పవలెననియు, పసుపునకును ఎర్రజొన్నలకును గిట్టుబాటు ధర కల్పింపవలెననియు వారి కోరిక. పార్లమెంటునకు పోవుట వారి లక్ష్యము కాదు. తమ గోడు ఢిల్లీకి వినబడవలెను. అందులకు నామినేషను పత్రమే వారికి దొరకిన సాధనము.

నేడు ఒక విద్యార్థి ఆ రైతులలో ఒకని పేరు సెల్‌ఫోనులో వ్రాసి వెదకినచో, విజ్ఞాన సర్వస్వమున అతని జీవితమును గూర్చిన వ్యాసము దొరకుట అరుదు. గెలిచిన అభ్యర్థికి వ్యాసము కలదు. ఓడిపోయిన పెద్దపార్టీ అభ్యర్థికిని కలదు. ఇది న్యాయమేనా? ఎన్నికల బరిలో నిలిచిన ప్రతివానికిని, అతడు చిన్నపార్టీవాడైనను, ఏ పార్టీకిని చెందనివాడైనను, లోకమంతయు చదువుకొను గ్రంథమున ఒక పుట ఇయ్యవలదా?

ఈ ప్రశ్న పైకి చిన్నదిగా తోచును. కాని దీనిలో రెండు నిజమైన భయములు ఇమిడియున్నవి. అభ్యర్థిని గూర్చి తెలిసికొన గోరువారు నేడు మొట్టమొదట వెదకు చోటు ఇంటర్నెట్టు. అచ్చట పేరు లేనివాడు అసలు పోటీలోనే లేనివానివలె తోచును. ఇది మొదటి భయము. పదిమందికి తెలియని ఒక సామాన్యుని గూర్చి అచ్చట వ్రాసిన మాట, అది తప్పైనను ఒప్పైనను, అతనిని జీవితాంతము వెన్నాడును. ఇది రెండవ భయము. చోటు ఇయ్యకపోవుటలో అన్యాయము జరుగవచ్చును, ఇచ్చుటలోను జరుగవచ్చును. కనుక ఈ విషయమును ఆవేశముతో గాక విచారణతో పరిశీలింపవలసి యున్నది.

నియమము చెప్పునదేమి?

కాగితపు కాలమున ఈ చిక్కు మరియొక రూపమున నుండెడిది. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు పూనుకొని, 1923లో కన్నుమూయు నాటికి మూడు సంపుటములు మాత్రమే వెలువరింపగలిగిరి. అవియు అకారముతో మొదలగు పదములతోనే నిండిపోయినవి. పుటలు పరిమితము, ధనము పరిమితము, మానవుని ఆయుర్దాయమును పరిమితమే. ఎవరిని చేర్చవలెనో, ఎవరిని విడువవలెనో నిర్ణయించుట సంపాదకునికి తప్పని పని.

2001 జనవరిలో వికీపీడియా ఆరంభమైన పిమ్మట పుటల కొరత తీరినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాయు మొదలైనది. ఆంగ్లమునందలి వ్యాసముల సంఖ్య 2025లో 70 లక్షలు దాటినది. ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. ఇట్టిచోట ఒక అభ్యర్థికి చోటు లేదనుట ఎందువలన?

కొరత ఇప్పుడు పుటలకు కాదు, కాపలాకు. వ్రాసిన ప్రతి పుటను ఎవరో ఒకరు కనిపెట్టి యుండవలెను. అందులోని మాటకు ఆధారమున్నదా, నిన్న చేర్చిన వాక్యము నిజమా, ద్వేషముతో వ్రాసినదా అని చూచుచుండవలెను. ఈ పని చేయువారు జీతము పుచ్చుకొనని స్వచ్ఛంద సేవకులు. పుటలు లక్షలుగా పెరిగినను కన్నులు అదే నిష్పత్తిలో పెరుగవు. ఎవరి దృష్టియు పడని పుట, యజమాని ఊరువిడిచిన ఇల్లు వంటిది; ఎవడైనను దూరవచ్చును.

ఈ కారణమున ఆంగ్ల వికీపీడియావారు రాజకీయవేత్తలను గూర్చి ఒక కట్టుబాటు చేసికొన్నారు. దేశస్థాయి, రాష్ట్రస్థాయి శాసనసభలకు ఎన్నికైనవారు, ఆ స్థాయి పదవులు నిర్వహించినవారు వ్యాసమునకు అర్హులని సాధారణముగా ఎంచుదురు. ఎన్నిక కాని అభ్యర్థికి, కేవలము పోటీచేసినంత మాత్రమున, ఆ అర్హత సిద్ధింపదు. అతనికి సామాన్యులందరికిని వర్తించు నియమమే వర్తించును: అతనితో సంబంధము లేని, నమ్మదగిన పత్రికలో పుస్తకములో అతనిని గూర్చి విపులముగా వ్రాసియుండవలెను. అతని కరపత్రము సాక్ష్యము కాదు. అతని ఉపన్యాసము సాక్ష్యము కాదు. జాబితాలో పేరుండుటయు చాలదు. ఒక వ్యాసము ఉండదగునా అను సందేహము కలిగినచో, సాధారణముగా ఏడు దినములు బహిరంగముగా చర్చింతురు. తలలు లెక్కించి కాక, చూపిన ఆధారములను తూచి తీర్పు చేయుదురు.

ఈ కట్టుబాటులో చిన్నపార్టీ, పెద్దపార్టీ అను భేదము లేదని గమనింపవలెను. మాట అందరికి ఒకటే. ఫలితము మాత్రము అందరికి ఒకటి కాదు. 1989 ఎన్నికలలో అనకాపల్లి లోకసభ స్థానమునకు కొణతాల రామకృష్ణగారు 9 ఓట్ల ఆధిక్యముతో ఎన్నికైరి. లక్షలాది ఓట్లలో తొమ్మిది! ఇంత స్వల్పమైన భేదముతో గెలిచినవానికి ఈ నియమము తలుపు తెరచియే యుంచును. అంతే భేదముతో ఓడినవాడు మున్ను ఏ పదవియు ఎరుగనివాడైనచో, వేరు ఆధారములు చేతబట్టుకొని ఆ తలుపు తట్టవలెను.

చిన్నవారి పక్షమున చెప్పదగినది

చిన్నవారి పక్షమున వాదించువారికి చరిత్రయే మొదటి సాక్షి. అమెరికాలో బానిసత్వమును నిర్మూలింపవలెనను ఒక్క కోరికతో లిబర్టీ పార్టీ ఏర్పడినది. 1840 అధ్యక్ష ఎన్నికలలో దాని అభ్యర్థి జేమ్స్ బిర్నీకి దేశమంతటను కలిపి ఇంచుమించు ఏడువేల ఓట్లు వచ్చినవి. ఆనాడు ఎవరైనను అతనిని లెక్కింపదగినవానిగా భావించియుందురా? 1844లో అతడే మరల నిలిచెను. న్యూయార్కు రాష్ట్రమున అతనికి దాదాపు 15,800 ఓట్లు పడినవి. ఆ రాష్ట్రమున జేమ్స్ పోక్ చేతిలో హెన్రీ క్లే ఓడినది సుమారు 5,100 ఓట్లతోనే. బిర్నీ ఓట్లలో మూడవ వంతు క్లేకు మరలియున్నచో ఆ రాష్ట్రము క్లేదే; ఆ రాష్ట్రము క్లేదైనచో అధ్యక్ష పదవియు క్లేదే. పోక్ అధ్యక్షుడయ్యెను, మెక్సికోతో యుద్ధము వచ్చెను, ఆ దేశపు ఎల్లలే మారిపోయెను. ఓడిన అభ్యర్థిని విడిచి ఈ చరిత్ర చెప్పుట సాధ్యము కాదు.

సోషలిస్టు పార్టీ నాయకుడు యూజీన్ డెబ్స్ ఐదుసార్లు అధ్యక్ష పదవికి పోటీచేసెను. 1920లో అతడు యుద్ధమునకు వ్యతిరేకముగా ఉపన్యసించిన నేరమునకు అట్లాంటా కారాగారమున ఖైదీగా నుండెను. ఐనను తొమ్మిది లక్షలకు పైగా ఓటర్లు అతని పేరునకు ఓటు వేసిరి. ఒక్క రాష్ట్రమునందును అతడు గెలువలేదు.

మన దేశమునను దృష్టాంతములు కలవు. 1926లో కమలాదేవి ఛటోపాధ్యాయ మద్రాసు శాసనమండలికి స్వతంత్రముగా పోటీచేసి స్వల్పభేదముతో ఓడిపోయిరి. స్త్రీలు శాసనసభలకు పోటీచేయుట అప్పుడప్పుడే మొదలగుచున్న దినములవి. ఆ ఓటమి ఒక గెలుపుకన్న ఎక్కువ దారి చూపినది. 1952 ప్రథమ సార్వత్రిక ఎన్నికలలో డాక్టరు అంబేద్కరు షెడ్యూల్డు కులాల ఫెడరేషను అభ్యర్థిగా ఉత్తర బొంబాయిలో నిలిచి ఓడిపోయిరి. ఆయనను ఓడించిన కాజ్రోల్కరుగారి పేరు నేడెందరికి తెలియును? అంబేద్కరుగారి కీర్తికి ఆ ఎన్నిక కారణము కాదు, నిజమే. కాని ఓట్ల సంఖ్యయే మనుష్యుని ప్రాముఖ్యమునకు కొలత కాజాలదని చెప్పుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కరలేదు.

రెండవ వాదము వర్తమానమునకు సంబంధించినది. 2020లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున సెనేటు స్థానమునకు డెమొక్రటిక్ పార్టీ పక్షమున థెరెసా గ్రీన్‌ఫీల్డు పోటీచేసెను. ఆమె ఏ చిన్నపార్టీకిని చెందినది కాదు. ఐనను ప్రచారకాలములో అధికభాగము గడచువరకు వికీపీడియాలో ఆమెకు ప్రత్యేక వ్యాసము లేకపోయెను. ఆమె పేరు వెదకినవారు ఆ ఎన్నికను గూర్చిన సామాన్య వ్యాసమునకు చేరుచుండిరి. ఆమె ప్రత్యర్థి అప్పటికే సెనేటు సభ్యురాలు గనుక ఆమె జీవితమును, ఆమె కార్యములును వివరముగా ఒక వ్యాసములో నుండెను. గ్రీన్‌ఫీల్డునకు చివరకు నూటికి 45 వంతుల ఓట్లు వచ్చినవి. వ్యాసము లేనందున ఓడినదని ఎవ్వరును చెప్పజాలరు. కాని పదవిలోనున్నవారికి సహజముగా నుండు బలమునకు విజ్ఞాన సర్వస్వమును తన వంతు బలము చేర్చుట ఉచితమా అను ప్రశ్న అప్పుడు పత్రికలకెక్కినది. పెద్దపార్టీ అభ్యర్థినికే ఈ గతి పట్టినచో చిన్నపార్టీవారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఎదుటి పక్షమువారి మాట

ఇక ఎదుటి పక్షము. 2024 లోకసభ ఎన్నికలలో 543 స్థానములకు 8,360 మంది అభ్యర్థులు పోటీచేసిరి. వారిలో 7,190 మందికి డిపాజిట్టు దక్కలేదు. అనగా, చెల్లిన ఓట్లలో ఆరవ వంతునకు మించి వారికి రాలేదు. ఇది ఒక్క ఎన్నిక. శాసనసభలు, మునిసిపాలిటీలు, జిల్లా పరిషత్తులు కలిపినచో లెక్క ఎచ్చటికి పోవునో ఊహింపవచ్చును. వీరందరి జీవిత చరిత్రలను నిజము తేల్చి వ్రాయగలవారెవ్వరు?

పార్టీ పేరుండుటయు ప్రాముఖ్యమునకు గుర్తు కాదు. మన దేశమున వేలకొలది పార్టీలు ఎన్నికల సంఘమువద్ద నమోదై, గుర్తింపు పొందక యున్నవి. ఆరు సంవత్సరములుగా ఒక్క ఎన్నికలోనైన పోటీచేయలేదను కారణమున 2025 ఆగస్టులో 334 పార్టీలను, సెప్టెంబరులో మరి 474 పార్టీలను ఆ సంఘము జాబితానుండి తొలగించినది. కాగితముమీద మాత్రమే జీవించు పార్టీలు కలవు. పేరుపొందిన అభ్యర్థి ఓట్లు చీల్చుటకు అదే పేరుగలవానిని తెచ్చి నిలుపు వాడుకయు కలదు. ఇట్టి అభ్యర్థికి విజ్ఞాన సర్వస్వమున పుట ఇచ్చుట మోసమునకు తోడ్పడుట యగును.

ఎన్నికలకు ముందు పుట్టు వ్యాసములలో అనేకము గోడపత్రికలే. 'ప్రజాసేవయే ఊపిరిగా', 'యువతకు ఆశాజ్యోతి' వంటి మాటలు వానిలో నిండియుండును. ఓట్ల లెక్కింపు ముగిసిన మరునాటినుండి వానిని చూచువాడుండడు. ఐదేండ్ల తరువాత విద్యార్థి యొకడు ఆ మాటలనే విజ్ఞానమని నమ్మి తన వ్యాసమున ఎత్తివ్రాయును. గోడపత్రిక గోడమీద నున్నంతవరకు దోషము లేదు. అది గ్రంథములో చేరినప్పుడే దోషము.

అన్నిటికంటె గట్టి అభ్యంతరము మరియొకటి కలదు. 2002, 2003 సంవత్సరములలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల ఫలితముగా ప్రతి అభ్యర్థియు తనపైనున్న క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణపత్రమున ప్రకటింపవలెను. ఆ పత్రములను ఎన్నికల సంఘమువారు ఇంటర్నెట్టులో అందరికి అందుబాటులో నుంచుచున్నారు. ఓటరునకు ఇది గొప్ప మేలు. కాని చిన్న అభ్యర్థిని గూర్చి పత్రికలేవియు వ్రాయనప్పుడు, వ్యాసమునకు మిగులు ఆధారము ఈ పత్రమొక్కటే. ధర్నా చేసినందుకు పెట్టిన కేసు, పొలముగట్టు తగాదాలో పెట్టిన కేసు, ఇంకను విచారణకు రాని కేసు, ఇవియే అతని జీవితచరిత్ర యగును. ఆ కేసు తరువాత కొట్టివేయబడినను ఆ సంగతి చేర్చు ఓపిక ఎవరికుండును? ఆరోపణకును నేరమునకును గల భేదము చదువరికి తెలియకపోవచ్చును. ఒక్కసారి నామినేషను వేసిన పాపమునకు ఒక చేనేత కార్మికుడో, ఒక పాఠశాల ఉద్యోగము మానినవాడో జీవితాంతము ఈ మచ్చ మోయవలెనా? చోటు ఇయ్యకపోవుట కొన్ని వేళల దయయే.

సాక్షులు ఎవరు?

ఈ రెండు వాదములను ఎదురెదురుగా నిలిపి చూచినచో, తగవు నిజముగా ఎచ్చట నున్నదో తెలియును. వికీపీడియా కోరునది కీర్తి కాదు, సాక్ష్యము. స్వతంత్రుడైన సాక్షి ఒకడు ఈ అభ్యర్థిని చూచి, విచారించి, వ్రాసెనా అనియే దాని ప్రశ్న. ఈ ప్రశ్న న్యాయమైనది. కాని సాక్షి ఎవరివైపు తిరిగి కూర్చున్నాడో కూడ అడుగవలెను గదా!

ఎన్నికలనాటి పత్రికలను తిరుగవేసిన ఎవరికైనను ఒక సంగతి స్పష్టమగును. రెండు మూడు పెద్దపార్టీల అభ్యర్థుల పాదయాత్ర, భోజనము, అలుక, బుజ్జగింపు, అన్నియు వార్తలే. తక్కినవారి పేర్లు నామినేషన్లు వేసిననాడు ఒకసారి, ఓట్లు లెక్కించిననాడు ఒకసారి జాబితాలో కన్పడును. కొన్ని వేళల 'ఇతరులు' అను ఒక్క మాటలో అణగిపోవును. పత్రిక వ్రాయలేదు గనుక విజ్ఞాన సర్వస్వమున చోటు లేదు. విజ్ఞాన సర్వస్వమున లేడు గనుక పత్రికవాడు అతనిని ముఖ్యుడని తలపడు. ఈ చక్రము ఇట్లే తిరుగుచుండును.

సాక్షి అమ్ముడుపోవు ప్రమాదమును కలదు. 2009 ఎన్నికలలో అభ్యర్థులవద్ద డబ్బు పుచ్చుకొని ప్రకటనలను వార్తలవలె అచ్చువేసిరను ఆరోపణలు దేశమంతటను చెలరేగినవి. ప్రెస్ కౌన్సిల్ 2010లో ఈ విషయమును విచారించినది. ఆంధ్రదేశమున పశ్చిమగోదావరి జిల్లాలో పాత్రికేయుల సంఘమే స్వయముగా ఈ పోకడను పరిశీలించినది. డబ్బిచ్చిన అభ్యర్థికి 'స్వతంత్రమైన ఆధారము' దొరకి, ఇయ్యలేని అభ్యర్థికి దొరకకపోయినచో, నియమము నిర్దోషియైనను ఫలితము దుష్టమగును.

సాక్షులు చూడనంత మాత్రమున వస్తువు లేకపోదు. 2018లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి పొందిన డోనా స్ట్రిక్లాండు విషయమే ఇందుకు తార్కాణము. ఆమెను గూర్చి ఎవరో వ్రాసి పంపిన వ్యాసమును తగిన స్వతంత్రాధారములు చూపలేదని ఆ సంవత్సరమే, బహుమతికి కొన్ని నెలల ముందు, వికీపీడియాలో తిరస్కరించిరి. ఆమె పరిశోధన అప్పటికి మూడు దశాబ్దుల నాటిది. లోపము ఆమెలో లేదు. ఆమెను గూర్చి వ్రాయవలసినవారు వ్రాయకపోవుటలో నున్నది. రాజకీయములలోను ఇంతే. విజ్ఞాన సర్వస్వము అద్దము వంటిది. ముందు నిలిచినదానినే అది చూపగలదు. గదిలో ఒక మూలనే దీపము వెలిగించి, తక్కిన మూలలు కన్పడలేదని అద్దమును నిందించి లాభము లేదు.

ఓటుపత్రము నేర్పు పాఠము

ఐనచో పరిష్కారమేమి? దానిని వెదకుటకు దూరము పోనక్కరలేదు. మన ఓటుపత్రమే దానిని చూపుచున్నది.

1952 ఎన్నికలలో ప్రతి అభ్యర్థికిని వేరువేరుగా ఒక పెట్టె నుంచిరి. పెట్టెమీద అతని గుర్తు. ఓటరు తనకు నచ్చిన పెట్టెలో కాగితము వేయవలెను. ప్రధానమంత్రి పార్టీవానికిని, ఊరు దాటి ఎరుగనివానికిని పెట్టె ఒకటే. తరువాత ఒకే కాగితముమీద అందరి పేర్లును అచ్చువేయు పద్ధతి వచ్చెను. ఆపై యంత్రములు వచ్చెను. నేటి చట్టము ప్రకారము గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు ముందును, నమోదై గుర్తింపు పొందని పార్టీలవారు వారి తరువాతను, స్వతంత్రులు చివరను ఉందురు. వరుసలో భేదము కలదు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదించిన చాలును. తక్కినవారిని పదిమంది ప్రతిపాదింపవలెను. అర్హతను పరీక్షించుటలోను భేదము కలదు. కాని ఆ పరీక్షలో నెగ్గి ఓటుపత్రమున చేరిన తరువాత, గడి అందరికి ఒకే కొలత. ఎవరి పేరును 'ఇతరులు' అని వ్రాయరు.

విజ్ఞాన సర్వస్వమును ఇట్లే చేయవలెను. వ్యక్తి జీవితమును గూర్చిన వ్యాసము వేరు, ఎన్నికను గూర్చిన వ్యాసము వేరు. మొదటిదానికి స్వతంత్రమైన, విపులమైన సాక్ష్యము కావలెననుట సమంజసమే. ఆ కట్టుబాటును చిన్నపార్టీవారికై సడలింపనక్కరలేదు; పెద్దపార్టీవారికై అంతకన్న సడలింపరాదు. కాని ప్రతి నియోజకవర్గపు ఎన్నికకును ఒక నిండైన వృత్తాంతము ఉండవలెను. అందులో ప్రతి అభ్యర్థి పేరు, పార్టీ, గుర్తు, వచ్చిన ఓట్లు, అతడు నిలిచిన కారణము ఆధారమున్నంతమేరకు ఉండవలెను. 'ఇతరులు' అను మాట అచ్చట వాడరాదు. ఇందువలన ఓటరునకు తెలియవలసినది తెలియును. సామాన్యుని సొంతజీవితము బజారున పడదు.

నిజామాబాదు రైతుల విషయము ఈ పద్ధతికి చక్కగా సరిపోవును. ఆ 178 మందికి 178 జీవిత చరిత్రలు వ్రాయబూనినచో ఒక్కొక్కటియు రెండు వాక్యములతో ముగియును. అవియు ఒకే వాక్యములు. వారు ఒక్కొక్కరుగా నిలువలేదు. ఒక సమూహముగా నిలిచిరి. వారి ప్రాముఖ్యమును ఆ సమూహమునందే కలదు. పండ్రెండు పెట్టెలు, పసుపు ధర, ఎర్రజొన్న ధర, పదవిలోనున్న సభ్యురాలి ఓటమి, ఇవన్నియు ఒకే కథ. 2023 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము జాతీయ పసుపు బోర్డును ప్రకటించినది. 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా అది ఆరంభమైనది. రైతుల పోటీవలననే బోర్డు వచ్చినదని తేల్చి చెప్పుట కష్టము. కాని ఆ పోటీని విడిచి బోర్డు చరిత్ర వ్రాయుట అంతకన్న కష్టము.

అంతకు ముందు 1996లో నల్గొండ లోకసభ స్థానమునకు 480 మంది పోటీచేసిరి. ఫ్లోరైడు నీరు త్రాగి ఎముకలు వంగిపోవుచున్న పల్లెలకు మంచినీరు కావలెనని జల సాధన సమితి పక్షమున అనేకులు నామినేషన్లు వేసిరి. కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షము గెలిచిరి. ఆ యేడాదియే కర్ణాటకలోని బెల్గాములో 456 మంది, తమిళనాడులోని మొదకురిచ్చి శాసనసభ స్థానమున 1,033 మంది నిలిచిరి. మొదకురిచ్చిలో ఓటుపత్రము పుస్తకమైనది. దేశమంతటను కలిపి లోకసభకు 13,952 మంది పోటీచేసిరి. ప్రభుత్వము వెంటనే చట్టమును సవరించి లోకసభకు డిపాజిట్టును 500 రూపాయలనుండి 10,000 రూపాయలకు పెంచినది. 1998లో అభ్యర్థుల సంఖ్య 4,750కి తగ్గినది. నేడు ఆ డిపాజిట్టు 25,000 రూపాయలు.

ఈ వృత్తాంతమును గెలిచినవారి జీవిత చరిత్రలలో వెదకినచో దొరకదు. ఓడినవారి జీవిత చరిత్రలు వేరువేరుగా వ్రాసినను దొరకదు. నీటికొరకు నామినేషను వేసినవారున్నారని, అందువలన నామినేషను వెల పెరిగినదని, ఈ రెండు సంగతులును ఒకచోట చేర్చి చూచినపుడే ప్రజాస్వామ్యమున బీదవాని గొంతునకును ఎన్నికల చట్టమునకును గల సంబంధము తెలియును. ఎన్నిక వృత్తాంతము నిండుగా ఉండవలెననుటకు ఇదియే ముఖ్యకారణము. చిన్న అభ్యర్థికి గౌరవము చేయుటకు కాదు. పెద్ద సత్యము తెలియుటకు.

ఇట్లు వ్రాసిన తరువాత కూడ కొందరు అభ్యర్థులకు ప్రత్యేక వ్యాసము తప్పక ఉండవలసియుండును. ఒక ఉద్యమమును నడిపినవాడు, ఒక చట్టమునకు కారకుడైనవాడు, పలుమార్లు పోటీచేసి ఒక ఆలోచనను దేశమున నాటినవాడు ఇట్టివారు. డెబ్స్ అట్టివాడు, బిర్నీ అట్టివాడు. వారిని కొలుచునది ఓట్లు కావు, వారు విడిచిన జాడ.

పాఠశాలల కర్తవ్యము

ఈ పనిలో ఉపాధ్యాయులకును విద్యార్థులకును నిజమైన పాత్ర కలదు. మొదటి ఎన్నికలనుండి నేటివరకు ప్రతి నియోజకవర్గమున ఎవరెవరు నిలిచిరి, ఎవరికెన్ని ఓట్లు వచ్చెను అను లెక్కలు ఎన్నికల సంఘపు నివేదికలలో అందరికి లభ్యములు. కాని ఆ అంకెల వెనుకనున్న కథలు అచ్చట లేవు. వంద ఓట్లు వచ్చిన ఆ అభ్యర్థి ఎవరు? ఏ కాలువకొరకు, ఏ మిల్లు మూతపడినందుకు, ఏ పంట ధరకొరకు అతడు నిలిచెను? జిల్లా గ్రంథాలయములలోని పాత పత్రికల కట్టలలో జవాబులు కొన్ని యుండును. దుమ్ము దులిపి చూచువారు కావలెను.

సాంఘికశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు తన తరగతికి ఒక్క ఎన్నికను అప్పగింపవచ్చును. విద్యార్థులు అభ్యర్థులందరి పట్టికను సిద్ధపరచి, ఒక్కొక్క పేరునకు ఎదురుగా దొరకిన ఆధారమును వ్రాయవలెను. ఆధారము దొరకనిచోట ఆ గడిని ఖాళీగా విడువవలెను, ఊహతో నింపరాదు. కరపత్రమునకును వార్తకును, ఆరోపణకును తీర్పునకును, విన్నదానికిని చదివినదానికిని భేదము ఆ పట్టిక తయారుచేయుటలో వారు నేర్చుకొందురు. తాతగారు చెప్పిన సంగతిని నోటుపుస్తకమున వ్రాసికొనవచ్చును. అది అచ్చులో ఎచ్చటనైన రుజువైనప్పుడే విజ్ఞాన సర్వస్వమున చేర్చవలెను. తెలుగు వికీపీడియాలో అట్టి పట్టికను చేర్చుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. సరియైన ఆధారము చూపిన చాలును.

పత్రికల బాధ్యత ఇంతకన్న పెద్దది. ఓటుపత్రమున చేరిన ప్రతి అభ్యర్థిని ఒక్కసారియైనను కలిసికొని, అతడు ఎవరో, ఎందుకు నిలిచెనో నాలుగు వాక్యములు వ్రాయుట జిల్లా విలేఖరికి అసాధ్యము కాదు. ఆ నాలుగు వాక్యములే రేపటి చరిత్రకారునికి సాక్ష్యము. అవి లేకపోయినచో వికీపీడియాను ఎంత నిందించినను అది శూన్యమునుండి వ్యాసమును సృష్టింపజాలదు. సృష్టించినచో అది విజ్ఞానము కాదు.

మరల ఎన్నికలు వచ్చును. మరల ఎవరో ఒక రైతు డిపాజిట్టు సొమ్ము అప్పుతెచ్చి, తిరిగి రాదని తెలిసియే, కచేరీ మెట్లెక్కును. అతని జీవితచరిత్రను లోకము చదువనక్కరలేదు. కాని ఆ యెన్నికను గూర్చి చదువువానికి అతడు నిలిచెననియు, ఇందుకొరకు నిలిచెననియు, ఇందరు అతనికి ఓటు వేసిరనియు తెలియవలెను. అంతమాత్రపు చోటు అతనికి న్యాయముగా రావలసినది.